పదిహేను రోజులు ఆగమన్నాడు దానయ్య

బీదరు వెళ్ళొచ్చానంటే అందరూ కోట గురించే అడుగుతున్నారు. కోటను బస్సు కిటికీలోంచి చూశాను, అంతే. వారం రోజులున్నాను. అందులో సగం రోజులు గోళ్ళు కొరుక్కుంటూ కూర్చున్నాను. అయినా లోపలికి వెళ్ళి చూద్దామన్న బుద్ధి పుట్టలేదు. నేను కాలుగాలిన పిల్లిలాంటి మనిషిని. సినిమాకెళ్తే ఇంటర్వెల్ నుంచే చెప్పులు వెతుక్కుంటాను. "మీతో ప్రయాణం కంటే పార్సిల్‌తో ప్రయాణం నయం, అది కనీసం పెట్టినచోట ఉంటుంది" అంటుంది మా ఆవిడ. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, బీదరులో జరిగిందంతా దీనివల్లే జరిగింది.

నాది తెనాలి పక్క పల్లెటూరు. ఉద్యోగం హైదరాబాదులో ఒక కాలేజీ ప్రయోగశాలలో. పశువుల డాక్టర్ని కాను, పరీక్షనాళికల మనిషిని. మా ప్రొఫెసరుగారికి విదేశం నుంచి నాలుగు చిన్న సీసాల మందు వచ్చింది. దాని పేరు ప్రోస్టాగ్లాండిన్. బీదరు చుట్టుపక్కల దేవణి జాతి ఆవుల మీద అది పనిచేస్తుందో లేదో చూసి రమ్మని నన్ను పంపారు.

ఈ మందు సంగతి రెండు ముక్కల్లో చెప్పాలి, లేకపోతే తర్వాతి కథ అర్థం కాదు. ఆవుకు ఎద చల్లారాక దాని అండాశయం మీద చిన్న ఉసిరికాయంత పసుపు ముద్ద ఒకటి తయారవుతుంది. అది ఉన్నన్నాళ్ళూ ఆవు మళ్ళీ ఎదకు రాదు. కడుపు నిలిస్తే ఆ కడుపును కాపాడేది కూడా ఆ ముద్దే. కడుపు నిలవలేదనుకోండి, గర్భసంచి పదహారు పదిహేడు రోజులు ఎదురుచూసి ముద్దకు ఒక కబురు పంపుతుంది. ఆ కబురే ప్రోస్టాగ్లాండిన్. ముద్దలోని ప్రతి కణం పైపొరలోనూ ఆ కబురు అందుకోవడానికే గ్రాహకాలు ఉంటాయి. గ్రాహకం తలుపు దగ్గర గుమాస్తా లాంటిది. ఉత్తరం మీద చిరునామా సరిపోయిందా అని చూస్తుంది, రాసిందెవరో చూడదు. కబురు అందగానే ముద్ద కరిగిపోతుంది, రెండు మూడు రోజుల్లో ఆవు ఎదకొస్తుంది. కొన్ని ఆవుల్లో కడుపు లేకపోయినా ఆ ముద్ద మొండికేసి కరగదు. వాటికి ఆ కబురును మనమే సూదితో పంపొచ్చు.

ఇందులో రెండు షరతులున్నాయి. ఎదకు వచ్చి ఐదు రోజులన్నా కాకపోతే ముద్ద ఈ కబురు వినిపించుకోదు. ఎందుకు వినిపించుకోదో మాకూ పూర్తిగా తెలియదు. రెండోది, చూడి ఆవుకు ఇస్తే కడుపు పోతుంది. ఈ రెండూ ప్రొఫెసరుగారు నా చేత వల్లెవేయించి మరీ రైలెక్కించారు.

వికారాబాదు దాటాక

సీసాలను చల్లగా ఉంచాలన్నారు. ఫ్లాస్కులో ఐసు ముక్కలు నింపి, వాటి మధ్య నాలుగు సీసాలూ పెట్టుకున్నాను. మండువేసవి. ప్రతి స్టేషనులోనూ దిగి ఐసు దొరుకుతుందేమోనని పరుగులు పెట్టాను. వికారాబాదు దాటాక ఒక చిన్న స్టేషనులో అలాగే దిగి వచ్చేసరికి, పక్క సీటు పెద్దమనిషి నా ఫ్లాస్కు మూత తీసి మూతలోకి వంపుతున్నాడు. జహీరాబాదు బెల్లం వ్యాపారి ఆయన. టీ అనుకున్నాడట.

"ఇదేంది సార్, సీసాలకు చలి పెట్టినవ్?" అన్నాడు ఆశ్చర్యంగా.

నేను లాక్కోబోయాను. ఒక సీసా జారి కిందపడి పగిలింది. ఆ మందు చర్మంలోంచి కూడా ఇంకుతుంది, ఆడవాళ్ళ గర్భసంచి కండరాల్లోనూ అదే రకం గ్రాహకాలున్నాయి. కంగారులో పెట్టె మొత్తం వినపడేలా అరిచాను. "ఎవరూ తొక్కకండి! ఇక్కడ ఎవరైనా కడుపుతో ఉన్నారా?"

ఆడవాళ్ళంతా కొంగులు సర్దుకుని కిటికీల వైపు తిరిగారు. నాకు ఒళ్ళు మండింది. మళ్ళీ అడిగాను. ఎదుటి సీట్లోని ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"ఏం మనిషివయ్యా నువ్వు? నలుగుట్ల గట్ల అడుగుతరా?"

అలా తిడుతూనే పక్కనున్న కోడలి మణికట్టు పట్టుకుని పెట్టె ఆ చివరికి తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. జవాబు మాత్రం చెప్పలేదు. నేను రుమాలుతో నేల తుడిచి రుమాలు కిటికీలోంచి పారేశాను. బెల్లం వ్యాపారి నొచ్చుకుని, జహీరాబాదులో దిగేటప్పుడు పెద్ద బెల్లం ముక్క చేతిలో పెట్టాడు. వద్దంటే వినలేదు. మిగిలింది మూడు సీసాలు. ఆ రోజు నా బాధంతా పగిలిన సీసా గురించే. ముసలమ్మ ఎందుకు నోరు విప్పలేదో ఆలోచించనేలేదు.

చిద్రి

మైసూరు రాష్ట్రం పేరు కర్ణాటకగా మారి ఏడాదిన్నర దాటింది. కానీ బీదరులో సగం బోర్డులమీద కొత్త రంగు కింద పాత పేరు ఇంకా కనిపిస్తోంది. పశువుల ఆసుపత్రిలో నా కాగితం మీద వేసిన రబ్బరు ముద్ర కూడా మైసూరుదే. బజారులో పావలా చాయ్. కప్పులో సగమే పోస్తారు, కానీ అది తాగితే మన కాఫీ మీద బెంగ పోతుంది.

నాకు తోడుగా ఇచ్చిన మనిషి దానయ్య. ఆసుపత్రిలో స్టాక్‌మన్, అంటే డాక్టరు కింద పశువులను చూసే మనిషి, యాభై దాటాయి, బక్కపలచగా ఉంటాడు. పూర్తి పేరు దేవదానం. బీదరు అంచున చిద్రిలో ఇల్లు. తాతల నాటి నుంచీ అక్కడే ఉన్న తెలుగు క్రైస్తవ కుటుంబం. లాడ్జిలో దిగుతానంటే ఒప్పుకోలేదు.

"మా ఇల్లుండంగ లాడ్జెందుకు సార్? మా రూతమ్మ పరేషానయితది," అన్నాడు.

రూతమ్మ ఆయన భార్య. వెళ్ళగానే జొన్న రొట్టెలూ పుంటికూర పప్పూ వడ్డించింది. మా గోంగూరే, పేరు వేరు, పులుపు తక్కువ. మేము రోట్లో నూరి నూనె పోసుకుంటాం, వీళ్ళు పప్పులో వేసి రొట్టెతో అద్దుకుంటారు. చెయ్యి పెట్టబోతే దానయ్య కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టాడు. వాన కోసం, నా ప్రయాణం కోసం, ఆ వారం ఆయన చూసిన ఆవుల యజమానుల కోసం, ఒక్కొక్కరి పేరూ చెప్పి మరీ ప్రార్థించాడు. రొట్టె చల్లారిపోతోంది. నేను ఒక కన్ను తెరిచి చూశాను. రూతమ్మ కూడా ఒక కన్ను తెరిచి నన్నే చూస్తోంది, నవ్వాపుకుంటోంది.

దానయ్య రోజూ పొద్దున బ్లేడుతో కుడిచేతి గోళ్ళు గీక్కుంటాడు. ఆవు లోపల చెయ్యి పెట్టి తడిమేటప్పుడు గీరుకోకూడదని. మోచేతి పైదాకా సబ్బు, ఆముదం రాసుకుంటాడు. చెయ్యి లోపలికి పోగానే కళ్ళు మూసుకుంటాడు.

"కండ్లు మూస్తెనే వేళ్ళకు కండ్లొస్తయి సార్," అంటాడు.

బగ్దల్

రెండో రోజు బగ్దల్ వెళ్ళాం. మాణికప్ప అనే రైతు ఇంట్లో రెండావులున్నాయి, రెండూ చాలాకాలంగా చూలు కట్టడం లేదు. దానయ్య ఒక్కొక్కదాన్నీ పావుగంటసేపు తడిమాడు. నేను ఫ్లాస్కు మూత తీసీ మూసీ ఐసు చూసుకుంటూ తిరిగాను.

"రెండిట్లనూ ముద్ద తగులుతుంది సార్," అన్నాడు దానయ్య. "రెండోదాంట్ల జర మెత్తగుంది. ఎదకెప్పుడొచ్చిందో మాణికప్పను ఇంకోసారి..."

నేను వినలేదు, అప్పటికే సిరంజిలోకి మందు ఎక్కించాను. రెండింటికీ వేసేశాం. మాణికప్ప భార్య పెట్టిన పల్లీల పొడి, పెరుగు, మజ్జిగ అన్నీ ఐదు నిమిషాల్లో ముగించి బస్సు కోసం పరిగెత్తాను. బస్సు గంటకు గానీ రాలేదు. చెట్టు కింద కూర్చున్న దానయ్య నవ్వాడు.

"మీరు బస్సుకంటె ముందొచ్చిన్రు సార్," అన్నాడు.

కమలనగర్ అవతల

మూడో రోజు కమలనగర్‌లో రైలు దిగి నాలుగు మైళ్ళు నడిచాం. ఆ ఊరి పేరు రాయను. బడి మీద బోర్డు కన్నడం, కిరాణా కొట్లో మాట మరాఠీ, మేం వెళ్ళిన వాడలో ఇంటింటా తెలుగు. ఎప్పుడో నైజాం కాలానికి ముందే వచ్చి స్థిరపడ్డ రైతులట.

ఊరి మొదట్లో ఒక కోడె దారికి అడ్డంగా నిలబడింది. మంచి తెల్లటి ఒళ్ళు, నల్లటి మూతి, మూపురం మీదా గంగడోలు మీదా గుప్పెడు పసుపు. నేను అదిలించబోతే దానయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"మల్లన్న కోడె సార్. దేవునికి విడిచిన్రు. ఎవరి చేన్ల పడ్డా కొట్టరు."

మా వైపు అచ్చోసిన ఆంబోతు అంటాం. మావాళ్ళు దాన్ని తిట్టుమాటగా చేసేశారు, వీళ్ళు పసుపు చల్లి దండం పెడుతున్నారు. పక్కకు తప్పుకుని పొలంగట్టు మీంచి నడిచాం. ఎండకు ఫ్లాస్కులో ఐసు నీళ్ళయిపోయింది, నా ధ్యాసంతా ఆ నీళ్ళమీదే ఉంది.

ఆవు ఈరమ్మది. అరవై దగ్గర పడిన మనిషి, భర్త లేడు. రెండెకరాల చెలక, ఒక్క ఆవు. ఆవు పేరు నీలి. రెండేళ్ళుగా ఈనలేదు. ఈరమ్మ మరిది శంకరప్ప పక్కింట్లో ఉంటాడు, మేం వెళ్ళేసరికి ఆయనే ఎదురొచ్చాడు.

"ఈ సూదికి ఎదకొస్తె వచ్చె సార్, లేకుంటె ఉద్గీరు అంగడికే," అన్నాడు. "ఒట్టి గొడ్డుకు ఎన్ని దినాలు మేపుతం? ఆవు పోతె చెలక గూడ నేనే చేస్కుంట. వదినె రికాంగ ఇంట్ల కూసోవచ్చు."

ఈరమ్మ నీలి గంగడోలు నిమురుతూ నిలబడింది. ఆవును సంతలో అమ్మేస్తే పేడ ఎరువూ, రేపటి దూడా పోయి సాగు సాగదు, పొలం మరిది చేతికి పోతుంది. తన గింజలు తాను పండించుకుంటున్న మనిషి మరిది పెడితే తినాలి. అంతమాత్రం నాకూ అర్థమయింది.

దానయ్య చెయ్యి కడుక్కుని, ఆముదం రాసుకుని, కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు తెరవలేదు. తర్వాత చెయ్యి బయటకు తీసి నా దగ్గరకొచ్చాడు.

"సార్, నాకు అనుమానముంది. ముద్దయితె మంచిగుంది. కాని గర్భసంచి ఒక దిక్కు జర ఉబ్బినట్టు తగులుతుంది. చూడయితె నెలన్నర దాటి ఉంటది. కాకపోవచ్చు గూడ. పదిహేను దినాలాగుదం. అప్పుడు చెయ్యి పెట్టంగనే చెప్త."

"పదిహేను రోజులా? నాకున్న గడువే వారం రోజులు దానయ్యా!"

"సీసా నాకిచ్చిపోరి. దవాఖానల ఐసు పెట్టె ఉంది. నేనే వచ్చి చూసి ఏస్త."

ఇప్పుడు రాస్తుంటే ఇంత మంచి మాటకు ఎవడైనా ఎలా కాదంటాడా అనిపిస్తోంది. నేను కాదన్నాను. ఫలితం నా కళ్ళతో చూడాలి, కాగితం నా చేత్తో నింపాలి, వచ్చే మంగళవారానికి ప్రొఫెసరుగారి బల్లమీద పెట్టాలి. దానికి తోడు ఆ ఐసు నీళ్ళు. తిన్నగా ఈరమ్మ దగ్గరకు వెళ్ళాను.

"ఏమ్మా, ఆవును ఎద్దు దాటిందా?"

ఆమె నావైపు చూడలేదు. గూట్లోని పసుపు డబ్బీ వైపు చూసింది. "లేదయ్యా," అంది.

"ఎద్దెక్కడిది సార్!" శంకరప్ప గట్టిగా నవ్వాడు. "ఎదకొస్తె గద ఎద్దు!"

"విన్నావుగా," అన్నాను దానయ్యతో. ఆయన తల వంచుకుని తాడు పట్టుకున్నాడు. నేనే సూది వేశాను. సూది దిగినప్పుడు నీలి కదల్లేదు. ఈరమ్మ పెదాలు మాత్రం ఏదో గొణిగాయి. మొక్కుకుంటోంది అనుకున్నాను. నిజమే, మొక్కుకుంటోంది.

మళ్ళీ చిద్రి, మళ్ళీ బగ్దల్

ఫలితం తెలియడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. ఆ రోజులు ఎలా గడిచాయో దేవుడికెరుక. చిద్రి నుంచి బజారుకు, బజారు నుంచి చిద్రికి తిరిగాను. చదివిన పేపరే మూడుసార్లు చదివాను. రూతమ్మ బియ్యం ఏరుతుంటే పక్కన కూర్చుని నేనూ ఏరాను.

"నువ్వు ఏరితె రాళ్ళే మిగుల్తున్నయి తమ్మీ," అని చేట లాక్కుంది.

ఐదో రోజు బగ్దల్ వెళ్ళాం. మొదటి ఆవు పొద్దుటినుంచి అరుస్తూ, తోటి ఆవుల మీదకు ఎక్కుతూ కనిపించింది. నేను దానయ్య భుజం చరిచాను. రెండోది మాత్రం నెమ్మదిగా నెమరేస్తోంది. అప్పుడు మాణికప్ప తల గోక్కున్నాడు.

"ఇది అంతకుముందు అంగడినాడు ఒక్కసారి అరిచింది సార్. మీరొచ్చెటాలకు నాలుగు దినాలయింది కావొచ్చు."

"ఆ మాట అప్పుడే చెప్పొచ్చుగా!"

"చెప్దమనుకున్న. మీరు సూది పట్టుకొని నిలవడ్డరు," అన్నాడు మాణికప్ప సౌమ్యంగా. "అడిగెటోళ్ళు జర కూసోని అడగాలె గద సార్."

ముద్ద మరీ లేతది, కబురు వినిపించుకోలేదు. ఒక సీసా వృథా అయింది.

మర్నాడు ఆదివారం. చర్చిలో రెండుగంటలు బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. దానయ్య వినపడీ వినపడకుండా ఈరమ్మ పేరు చెప్పి ప్రార్థించాడు. సాయంత్రం ఉండబట్టలేక అడిగాను.

"నీ వేళ్ళకు ఏం తగిలింది దానయ్యా, నిజం చెప్పు."

"చెప్పిన గద సార్. అనుమానమని."

మళ్ళీ ఆ ఊరు

ఏడో రోజు పొద్దున మేం వెళ్ళేసరికి ఈరమ్మ ఇంటి ముందు జనం. నీలి ఎదకొచ్చింది. తాడు తెంచుకునేలా అరుస్తోంది. శంకరప్ప నా చేతిలో కొబ్బరి చిప్పా బెల్లమూ పెట్టాడు.

"కమాల్ చేసిన్రు సార్! రెండేండ్ల గొడ్డు నాలుగు దినాల్ల లేచింది! దసరా దాక నేను అంగడి మాటెత్తను, సరేనా వదినా?"

వచ్చినవాళ్ళు తలా ఒక మాట పొగిడారు. ఒకాయన తన గేదెకు కూడా వెయ్యమన్నాడు. నాకు ఛాతీ పొంగింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. మూడు సూదుల్లో రెండు ఫలించాయి. సాయంత్రం రైలు, మంగళవారానికల్లా కాగితం బల్లమీద.

"చేతులు కడుక్కుందురు రారి," అని ఈరమ్మ మమ్మల్నిద్దరినీ దొడ్లోకి పిలిచింది. చెంబు తీసుకుంది కానీ నీళ్ళు పొయ్యలేదు. కొట్టం మూల గడ్డి తొలగించి చిన్న పాతగుడ్డ మూట తీసింది. విప్పింది. సన్నటి పొరలో చుట్టుకుని బొటనవేలంత ఉంది. తల తెలుస్తోంది. కాళ్ళ చోట నాలుగు మొగ్గలు తెలుస్తున్నాయి.

"నిన్న పొద్దుగాల పడ్డది," అంది గొంతు తగ్గించి. "ఎవరికీ చూపియ్యలే."

నేను మూట ముందు గొంతుక్కూర్చున్నాను. "ఎద్దు దాటలేదన్నావు కదమ్మా!"

"మల్లన్న కోడె దాటితె నోట అనరాదు బిడ్డా. నేను తెల్లారంగ చెలకల చూసిన, ఇంకెవ్వరు చూడలె. ఐదు నెలలు నిండినంక, కడుపు కనవడంగ పసుపు చల్లి అందరికి చెప్తరు. అప్పటిదాక ఎవరడిగినా లేదనాలె. దేవుడిచ్చింది చేతికి రాకముందు నాదనరాదు. మా అత్తగారు గట్లనే చెప్పింది, ఆమె అత్త గూడ."

"మరి సూది వద్దనొచ్చుగా?"

"వద్దంటె ఎందుకంటడు మరిది. ఎందుకో చెప్తె మల్లన్నకు కోపమొస్తది. ఊకున్న." మూటవైపు చూసి ఏడ్చింది. చప్పుడు బయటికి పోకుండా కొంగు నోట్లో కుక్కుకుంది. "ఐనా తీస్కపాయె. నేనేం తప్పు చేసిన? లేదన్న మాట గట్టిగన్ననా? దేవునికి ఇనపడ్డదా?"

ఆ గర్భసంచి లోపల ఏం జరుగుతూ ఉండిందో నాకు తెలుసు. ఆ బొటనవేలంత ప్రాణి తాను ఉన్నానని ముందే తల్లికి తెలియజేసుకుంది. కాబట్టి గర్భసంచి కబురు పంపకుండా ఆపింది. పంపకూడని ఆ కబురును నేను పట్టుకెళ్ళి ఇచ్చాను. గ్రాహకం రాసిందెవరో చూడదు కదా, అందుకుంది.

నేనింకా నోరు తెరవకముందే దానయ్య అన్నాడు. "దేవుడు కాదు, నువ్వు కాదు అక్కా. నా చెయ్యి తప్పింది. నేను సరిగ్గ చూడలే."

ఒక్క క్షణం నేను ఊరుకున్నాను. ఆ ఒక్క క్షణానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. ఆయన ఆ జిల్లాలోనే బతకాలి. ఆ చేతిమీద నమ్మకం పోతే ఆయనకు ఏం మిగులుతుంది?

"కాదమ్మా," అన్నాను. "ఆయన చెయ్యి తప్పలేదు. ఇది చేసింది నా సూది. చూడి ఆవుకు అది వెయ్యకూడదని నాకు తెలుసు. అయినా వేశాను. నీ మాటకూ దీనికీ సంబంధం లేదు. తప్పు నాది."

తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండు. ఆమె కళ్ళు తుడుచుకుని నన్ను తేరిపార చూసింది.

"ఆయన పదిహేను దినాలాగుమన్నడు. నేనిన్న. సీసా ఇచ్చిపోరి, నేనేస్త అన్నడు, అది గూడ ఇన్న. ఈ సారును జర ఆపు మల్లన్నా అని మొక్కిన. నువ్వెందుకాగలే బిడ్డా?"

నా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే. నాకు రైలుంది.

బయట శంకరప్ప కేకేశాడు. "వదినా, కమలనగర్ పోదం పట్టు, అక్కడ మంచి ఎద్దుంది!"

ఈరమ్మ మూటను గడ్డి కింద పెట్టింది. ముఖం కడుక్కుంది. మా చేతుల మీద నీళ్ళు కూడా పోసింది.

"నా ఆవు, నేనే తోల్కపోత. నువ్వు రాకు," అని మరిదికి చెప్పి తాడు పట్టుకుని నడిచింది.

"ఇంక పోదమా సార్? రైలుకు టైమైతది," అన్నాడు దానయ్య.

"కూర్చుందాం," అన్నాను.

దానయ్య నన్ను వింతగా చూశాడు. అరుగుమీద కూర్చున్నాం. శంకరప్ప చాయ్ తెప్పించాడు, గేదె ఆయన మళ్ళీ వచ్చాడు. రైలు కూత దూరంగా వినిపించి పోయింది. కాళ్ళు ఊపుకుంటూ, గోళ్ళు కొరుక్కుంటూ, లేచి నాలుగడుగులు వేసి మళ్ళీ కూర్చుంటూ, ఎలాగో కూర్చున్నాను. నా వల్ల అంతకంటే కాలేదు.

పొద్దువాలే ముందు ఈరమ్మ తిరిగొచ్చింది. కమలనగర్ వైపు నుంచి కాదు, చెలకల వైపు నుంచి. నీలి అరుపు తగ్గింది. దాని నడుం మీద, తోక మొదట్లో, ఒరుసుకున్నట్టు పసుపు అంటుకుని ఉంది. ఈరమ్మ దాన్ని కొట్టంలోకి తోలుతూ కొంగుతో తుడిచేసింది.

శంకరప్ప ఎదురెళ్ళాడు. "ఏమాయె వదినా? దాటిందా?"

"లేదు," అంది ఈరమ్మ.

"అరె! కమలనగర్ దాక పోయి..."

"లేదన్న గద. మల్ల చూద్దం. దసరా దాక మాటెత్తనన్నవ్." నీలి ముందు గడ్డి వేసి లోపలికి వెళ్ళిపోయింది. దానయ్య నోరు తెరవబోయాడు. నేను ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

హైదరాబాదు

ప్రొఫెసరుగారి కాగితంలో నీలి పేరు ఎదురుగా "ఎదకు వచ్చింది" అని రాసి, దాని కింద "ఆవు చూడిది. పరీక్షించినవాడు ఆగమన్నాడు, సూది వేసినవాడు ఆగలేదు" అని రాశాను. ప్రొఫెసరుగారు కళ్ళజోడు సవరించుకుని చదివారు.

"అంటే దేవణి ఆవులో గ్రాహకం చక్కగా పనిచేస్తోందన్నమాట," అన్నారు.

నిజమే, చక్కగానే పనిచేసింది. నేను బయటికొచ్చి చాయ్ తాగాను. కప్పు నిండా పోశారు, రుచి లేదు.

ఇది రాస్తున్నప్పటికి నాలుగు నెలల పన్నెండు రోజులయింది. దానయ్య నెలకో కార్డు రాస్తున్నాడు. వాన పడింది, రూతమ్మ నన్ను అడిగిందట, బగ్దల్‌లో మాణికప్ప రెండో ఆవు కూడా కట్టింది, ఆసుపత్రికి కొత్త రబ్బరు ముద్ర వచ్చింది. నీలి సంగతి ఒక్క కార్డులోనూ లేదు. తిరుగు టపాలో నేను అన్నీ అడుగుతాను. వాన, రూతమ్మ, మాణికప్ప, ముద్ర. రోజూ పోస్టు వేళకు గేటు దగ్గర నాలుగుసార్లు తిరుగుతాను. మా ఆవిడ నవ్వుతుంది. ఐదు నెలలు నిండడానికి ఇంకా పద్దెనిమిది రోజులుంది. నీలి గురించి మాత్రం అడగలేదు.